పరుపు మీద మంచు

కొండ మీద ఆఖరి ఇల్లు. ముప్పై రెండేళ్లుగా మంచు కొలిచి నోటుబుక్కులు నింపిన పెద్దమనిషి మోకాలికి కట్టుతో పొయ్యి పక్కన కూర్చున్నాడు, ఆ నోటుబుక్కుల పుణ్యమా అని చదివి పెద్ద ఉద్యోగం తెచ్చుకున్న మేనకోడలు ఎదురుగా ల్యాప్‌టాప్ తెరిచి పెట్టింది, గోడ గడియారంలో పదకొండు దాటింది.

“అది కాదు మామయ్యా, నేనడిగింది వేరే. నువ్వు కొండ ఎక్కావా, లేదా?”

“ఎక్కకపోతే నోటుబుక్కు ఎలా నిండుతుంది? టీ చల్లారిపోతోంది, తాగు.”

“టీ సంగతి తర్వాత. ఎక్కావా?”

“ఇంత చదువు చదివావు, టీ చల్లారితే బాగోదని ఎవరూ చెప్పలేదా? మంచులో డాక్టరేటు చేస్తే అన్నీ చల్లగానే తాగాలని రూలేమైనా ఉందా?”

“మామయ్యా!”

“ఏంటి డాక్టరమ్మా?”

“నీ మోకాలి ఆపరేషన్ ఎప్పుడైంది?”

“నువ్వూ వచ్చావుగా ఆస్పత్రికి. నా కోసమని నారింజ పండ్లు తెచ్చి, సగం నువ్వే తినేసి వెళ్లావు.”

“చలికాలం మొదట్లో అయింది. నాలుగు నెలలు మెట్టు కూడా ఎక్కొద్దన్నాడు డాక్టరు. నేను పక్కనే ఉండి విన్నాను. ఇదిగో నీ నోటుబుక్కు. నాలుగు నెలలు, ప్రతి నెలా ఒకటో తారీఖు, కొండ మీద పాతిన పది గుంజల దగ్గరా కొలత. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. మెట్టెక్కని మనిషి కొండెలా ఎక్కాడు?”

“ఆయన మెట్టెక్కొద్దన్నాడు. కొండ మాట ఎత్తలేదే!”

“నవ్వకు.”

“నేనెక్కడ నవ్వాను? నువ్వే నవ్వుతున్నావు.”

“నాది కోపం నవ్వు. చూడు మామయ్యా, ఆటలాడే టైం కాదిది. పన్నెండింటికి పెద్దసారుకి ఫోన్ చేసి నంబరు చెప్పాలి. వాళ్లంతా మీటింగులో కూర్చుని నా ఫోన్ కోసమే చూస్తుంటారు.”

“చెప్పు మరి. ఎవరు వద్దన్నారు?”

“ఏ నంబరు చెప్పను? నీ నోటుబుక్కు ప్రకారం, ఈ కొండ మీద మంచు కరిగితే అరవై రెండు సెంటీమీటర్ల నీళ్లు. నా మిషన్ ప్రకారం ముప్పై నాలుగు. దాదాపు సగానికి సగం తేడా.”

“మిషన్ అనకు. పరుపు అను.”

“అది పరుపు కాదు, మంచుని తూచే మిషన్.”

“మంచమంత రబ్బరు సంచి. లోపల గడ్డకట్టని నీళ్లు. దాని మీద మంచు హాయిగా పడుకుంటుంది, ఎంత బరువుందో పక్కన స్క్రీన్ చెబుతుంది. పరుపు కాకపోతే ఏంటది? దిండు కూడా వేయాల్సింది.”

“వేసుకో. దిండేసుకో, దుప్పటేసుకో. కానీ అది అబద్ధమాడదు. నువ్వాడతావు.”

“అబ్బో.”

“ముప్పై నాలుగని చెబితే ఏమవుతుందో తెలుసా? మధ్యాహ్నానికల్లా కింది కాలువ మూసేస్తారు. దాని కింద మూడు వేల ఎకరాలు. అక్కడ చినుకు పడి తొమ్మిది నెలలైంది మామయ్యా. వాళ్లకున్న నీళ్లన్నీ ఈ కొండ మీద మంచే. అరవై రెండని చెబితే విత్తనాలు చల్లుకోమంటారు. నేను ఎక్కువ చెబితే చల్లిన విత్తనం ఎండుతుంది. తక్కువ చెబితే నీళ్లుండి కూడా పొలాలు బీడు పెట్టుకుంటారు. ఏదైనా నా నోటి మాట మీదే.”

“చిన్నప్పుడు ముద్ద పెడితే పట్టేది కాదు. ఎంత పెద్ద నోరైంది నీది!”

“నేను ఏడిస్తే చూడాలనుందా?”

“వద్దొద్దు. అది మాత్రం వద్దు.”

“అయితే నిజం చెప్పు. ఇంట్లో కూర్చుని అంకెలు రాసేశావా? పోయినేడాదివి చూసి అటూ ఇటూ మార్చావా? తిట్టను. నోటుబుక్కు పక్కన పెట్టేస్తాను, అంతే.”

“నేనా? ముప్పై రెండేళ్లుగా గుంజ దగ్గర గొట్టం మంచులో దింపడం, కాటాకి తగిలించడం, అంకె రాయడం తప్ప ఇంకో పని తెలీని వాణ్ని. దొంగ అంకె రాయాలన్నా నాకు రాదు.”

“అదే నాకూ అనుమానం. రాయడం రాకే దొరికిపోయావు. ఇటు చూడు. ఇన్నేళ్లూ నువ్వు అరకి తక్కువ అంకె రాయలేదు. ముప్పై, ముప్పైన్నర, ముప్పై ఒకటి. ఈ ఏడు చూడు. ముప్పై పాయింటు మూడు. ముప్పై పాయింటు ఏడు. వయసు మీద పడితే చూపు తగ్గుతుంది కానీ పెరుగుతుందా?”

“కొత్త కళ్లజోడు.”

“కళ్లజోడు పాతదే. కాడకి కట్టిన దారం కూడా పాతదే.”

“పోలీసు ఉద్యోగం ఇచ్చారా నీకు?”

“పక్కన ఈ రాతలేంటి? ‘మూడో గుంజ దగ్గర కుందేలు అడుగులు.’ ‘ఆరో గుంజ వంగింది, నిలబెట్టాను.’ ‘గొట్టం చివర మట్టి గీకేసి తూచాను.’”

“మట్టి నేనూ గీకేవాణ్ని. రాయలేదంతే.”

“అదే అంటున్నాను. నీ నోటుబుక్కుల్లో అంకె తప్ప ఒక్క మాట ఉండదు. నేను పుట్టిన రోజు పేజీ కూడా తీసి చూశాను. ‘నాలుగో గుంజ, యాభై ఒకటి.’ మేనకోడలు పుట్టిందని ఒక్క ముక్క రాయలేదు మహానుభావుడు!”

“ఆ పేజీలో ఐదో గుంజ ఎంతుంది?”

“ఐదో గుంజ... ఖాళీగా ఉంది.”

“ఆరు?”

“అది కూడా. పది దాకా అన్నీ ఖాళీయే. తుఫాను వచ్చిందేమో అనుకున్నాను.”

“తుఫానే. నాలుగో గుంజ దగ్గరుండగా కింద నుంచి కబురొచ్చింది. గొట్టం అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చాను. ఇదిగో, ఆ తుఫాను ఎదురుగా కూర్చుని నన్ను దొంగంటోంది.”

“మాట తప్పించకు మామయ్యా. ఎప్పుడూ ఇంతే నువ్వు.”

“నేనేం తప్పించాను? ఉన్న మాట చెప్పాను.”

“సరే. ఇది చెప్పు. ఏడో గుంజ. మొన్న ఒకటో తారీఖున అక్కడ మూడుసార్లు తూచినట్టుంది. నువ్వు ఇన్నేళ్లలో ఏ గుంజ దగ్గరా రెండోసారి గొట్టం దింపిన పాపాన పోలేదు. మూడుసార్లు ఎందుకు తూచావు?”

“ఎందుకంటే... సరిగ్గా రాలేదు కాబట్టి.”

“ఏం రాలేదు?”

“అదే... అది.”

“ఏది?”

“ఏమే! ఇంకో టీ పట్టుకురా! పిల్లకి చల్లారిపోయింది.”

“వస్తున్నా, వస్తున్నా. ఇద్దరూ కలిసి పొద్దున్నుంచి కుందేలనీ గుంజనీ ఏంటా గొడవ? వంటగది దాకా వినబడుతోంది.”

“అత్తయ్యా, మీరే చెప్పండి. మామయ్య ఈ కుర్చీలో కూర్చుని కొండంతా కొలిచేశాడట.”

“ఎవరన్నారు?”

“నేనే అంటున్నాను. ఈ ఏడాది నోటుబుక్కంతా కట్టుకథ.”

“కట్టుకథా?”

“ఏమే, నువ్వు లోపలికి వెళ్లు.”

“మీరుండండి. కట్టుకథ అంటావా అమ్మాయీ? ఏడో గుంజ దగ్గర మూడుసార్లు గొట్టం దింపితే వేళ్లు కొంకర్లు పోయాయి. ఇంటికొచ్చాక చెంచా పట్టుకోలేకపోయాను. అది కట్టుకథా?”

“అత్తయ్యా... మీరా?”

“నేను కాకపోతే ఎవరు? ఈయనగారి ఊతకర్ర ఎక్కిందా కొండ?”

“చెప్పొద్దన్నాను కదే!”

“చెప్పొద్దన్నది నేను వెళ్లానని. నేను చేసింది కట్టుకథ అంటే నోరు మూసుకుని కూర్చోమని చెప్పలేదు.”

“నాలుగు నెలలూ మీరే వెళ్లారా? ఒక్కరే? ఆ గొట్టం, కాటా, కాళ్లకి కట్టుకునే పలకలు, అన్నీ మోసుకుని?”

“మీ మామయ్య అన్నీ మోసుకెళ్లి సగం అక్కడే మర్చిపోయి వచ్చేవారు. నేను మళ్లీ వెళ్లి తెచ్చేదాన్ని. అంటే ఆ కొండ ఆయన కంటే నేనే ఎక్కువసార్లు ఎక్కానమ్మా.”

“మరి అన్నీ మామయ్య చేతిరాతలో ఎందుకున్నాయి?”

“నేను కాగితం మీద రాసుకొచ్చి చదివితే ఈయన ఎక్కించేవారు. కొలిచేవాళ్ల పేరు రిజిస్టర్లో ఉంటేనే లెక్క ఒప్పుకుంటారట కదా మీ ఆఫీసులో? అందుకని పేరు ఆయనది, కాళ్లు నావి.”

“‘అన్నీ ఎక్కించక్కర్లేదే, అంకెలు చాలు’ అన్నాను. కుందేలు కూడా ఎక్కాల్సిందేనని పట్టుబట్టింది.”

“చూసినది రాయకపోతే చూడటమెందుకండీ?”

“ఉండండి, ఉండండి. అత్తయ్యా, ఏమీ అనుకోకండి, నాలుగు ప్రశ్నలడుగుతాను.”

“పరీక్షా? అడుగు.”

“ఖాళీ గొట్టం బరువెంత?”

“వెయ్యిన్నూట ఎనభై గ్రాములు. ఇంట్లో ఒకసారి తూస్తాను, పైకెళ్లాక మళ్లీ తూస్తాను. చలికి ఆ కాటా ముల్లు బద్ధకిస్తుంది.”

“మామయ్యా, నువ్వు రెండుసార్లు తూచేవాడివా?”

“నా ముల్లు బద్ధకించేది కాదు.”

“మీరే బద్ధకించేవారు.”

“ఎనిమిదో గుంజ ఎక్కడుంది అత్తయ్యా?”

“రెండు బండల మధ్య. ఎడమ బండ కింద చిన్న సందుంటుంది. అందులో మీ మామయ్య సిగరెట్ పెట్టె ఉంటుంది.”

“ఏ పెట్టె?”

“పదేళ్ల కిందట మానేశానన్న పెట్టె.”

“అమ్మడూ, ఇలాంటి ప్రశ్నలడక్కు. దీనికీ నీళ్ల లెక్కకీ ఏంటి సంబంధం?”

“ఇప్పుడక్కడ లేదులెండి, వెతుక్కోకండి. పారేశాను.”

“ఆఖరి ప్రశ్న. ఏడో గుంజ దగ్గర మూడుసార్లు ఎందుకు?”

“మొదటిసారి గొట్టం చివర మట్టి తగల్లేదు. మట్టి అంటలేదంటే అడుగు దాకా దిగలేదన్నమాటే. మధ్యలో గట్టి మంచు పొర అడ్డుపడింది. రెండోసారీ అంతే. మూడోసారి నా బరువంతా వేసి తిప్పితే దిగింది. మీ మామయ్యైతే మొదటిసారే ‘ఆ, దిగిందిలే’ అనేసి ఎనిమిదికి పోయేవారు.”

“అన్యాయంగా మాట్లాడకే. మధ్యాహ్నం దాకా ఆకలితో ఉండే మనిషిని.”

“అత్తయ్యా, మా ఆఫీసులో ఆరు నెలలు ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు కూడా ఇంత బాగా కొలవరు. నిజం.”

“విన్నారా?”

“విన్నాను. ఇక ఇంట్లో నాకు టీ దొరకదు.”

“కానీ అత్తయ్యా, అసలు చిక్కు అలాగే ఉంది. నోటుబుక్కు దొంగది అనుకుంటే నాకు సులువైపోయేది. మిషన్ నంబరు చెప్పి ఊరుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే మీరు నిజంగా కొలిచారు. అటు మిషనూ నిజంగా తూచింది. ఒకే కొండ, ఒకే మంచు, రెండు నంబర్లు.”

“అయితే నాదే రాసుకో.”

“ఎలా రాసుకోను? పెట్టిన కొత్తల్లో కాస్త తడబడింది, అంతే. తర్వాత మూడు చలికాలాలు చూశాను. నోటుబుక్కు యాభై అయిదంటే మిషన్ యాభై అయిదు. నోటుబుక్కు నలభై ఎనిమిదంటే మిషన్ నలభై ఎనిమిది. తేడా వేలెడు కూడా లేదు. ఆఫీసులో ఆ రెండు గీతల బొమ్మ గోడకి తగిలించారు. దాని మీదే నా ఉద్యోగం ఖాయం చేశారు. ఈ ఏడు మిషన్ మారలేదు. పెట్టిన చోటు మారలేదు. కొలిచే మనిషి మాత్రం మారింది.”

“అంటే, తప్పు నాదంటావు.”

“మీదని అనట్లేదు అత్తయ్యా.”

“అన్నావు. ఇప్పుడే ఈ టీ గ్లాసు ముందు కూర్చుని అన్నావు.”

“ఏమే, పిల్ల లెక్క చెబుతోంది. నిన్ననలేదు.”

“మీరు మాట్లాడకండి. అన్నీ తెలిసి కూర్చున్న మనిషి మీరు.”

“ఏం తెలిసి అత్తయ్యా?”

“ఏమీ లేదమ్మా, మీ అత్తయ్యకి నా మీద ఎప్పుడూ ఉండే కోపమే ఇది. నువ్వు ఆ గోడ మీద బొమ్మ గురించి చెప్పు. తర్వాతేంటి?”

“తర్వాత ఏముంది? వచ్చే ఏడాదికి ఇంకో పన్నెండు కొండల మీద పన్నెండు మిషన్లు పెడతారు. చేతి కొలతలు ఆపేస్తారు. నీకెలా చెప్పాలా అని పోయిన నెల నుంచీ నలిగిపోతున్నాను. ఇదే నీ ఆఖరి నోటుబుక్కు మామయ్యా. సారీ.”

“దేనికి సారీ? మోకాలికి మంచిదే.”

“ఆఖరిదాన్లో నా కుందేలైనా ఉందిలే.”

“ఊరుకోండి అత్తయ్యా, ఏడిపించకండి.”

“అమ్మడూ, ఆ పన్నెండు పరుపులూ... కొనేశారా?”

“వచ్చే నెల కొంటారు. ఎందుకు?”

“ఎక్కడెక్కడ పెడతారు? ఇక్కడ పెట్టినట్టేనా? గట్టు మీద, గాలి తగిలేలా?”

“అన్నీ ఇలాంటి చోట్లే. ఇక్కడ గాలిలో పెట్టినా మూడేళ్లు రవ్వంత తేడా లేకుండా పనిచేసిందిగా. ఆ ధైర్యంతోనే అన్నీ గట్ల మీదే చూశాం. ఎండ బాగా తగులుతుంది, కరెంటుకి ఇబ్బంది ఉండదు.”

“ఆ... పనిచేసింది, పనిచేసింది.”

“అలా మూలుగుతావేంటి?”

“మోకాలు.”

“మోకాలట, మోకాలు! ఏమండీ, మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?”

“నువ్వు టీ పెట్టవే.”

“మూడుసార్లు పెట్టాను. ఎవరూ తాగలేదు.”

“ఏంటి మీ ఇద్దరి గొడవ? నాకు టైం లేదు. పన్నెండుకి ఐదు నిమిషాలుంది. అత్తయ్యా, మన్నించండి. మీరు బాగానే కొలిచారు, కానీ మూడేళ్లు తప్పు చెప్పని దాన్ని కాదని, నాలుగు నెలల కొలతని పట్టుకుని మూడు వేల ఎకరాల మీద పందెం కాయలేను. మిషన్ నంబరే చెబుతాను. ముప్పై నాలుగు.”

“కాలువ మూసేస్తారా?”

“మూసేస్తారు. నాకేమైనా సరదానా అత్తయ్యా? కింద మా క్లాసులో చదివినమ్మాయి పొలం కూడా ఉంది. పొద్దున ఫోన్ చేసి అడిగింది, విత్తనం తెచ్చుకోనా వద్దా అని.”

“ఏం చెప్పావు?”

“మధ్యాహ్నం చెబుతానన్నాను. ష్, రింగవుతోంది.”

“పెట్టెయ్.”

“ఏంటి మామయ్యా?”

“ఫోన్ పెట్టెయ్ అమ్మడూ.”

“రింగవుతోంది!”

“పెట్టెయ్ అంటున్నానా! పెట్టెయ్. నీకు దణ్ణం పెడతాను.”

“సరే, పెట్టేశాను. ఏమైంది? ఎందుకలా అయిపోయావు? నొప్పిగా ఉందా?”

“నొప్పి కాదు. ఆ తలుపు వెనక పార ఉంది. దాని కాడ చూడు.”

“చూశాను. అరిగిపోయింది. మంచు తీసే పార అరగదా?”

“వాకిట్లో మంచు తీస్తే అంతలా అరగదు.”

“మరి?”

“మొదటి చలికాలం గుర్తుందా నీకు? పరుపు పెట్టిన కొత్తల్లో?”

“గుర్తులేకేం. నోటుబుక్కు నలభై అంటే మిషన్ ఇరవై అంది. పెద్దసారుతో పాటు నలుగురు ఆఫీసర్లొచ్చి స్క్రీన్ చూసి నవ్వారు. తర్వాత మిషన్ సర్దుకుంది.”

“వాళ్లు నవ్వాక నువ్వు ముఖం కడుక్కుంటానని లోపలికెళ్లావు. అరగంట కడుక్కున్నావు. నేను తలుపు ఇవతలే ఉన్నాను.”

“నువ్వు విన్నావా?”

“అరగంట కుళాయి నీళ్లు పోయినా ఆ ఏడుపు మునగలేదే తల్లీ. నా మనసు మనసులో లేదు. వాళ్ల జీపు మలుపు తిరగ్గానే వెళ్లి ఓ నాలుగు పారలు వేశాను.”

“ఏం వేశావు? ఎక్కడ?”

“మంచు. పరుపు మీద.”

“నాలుగు పారలా?”

“నలభై. నేను కిటికీలోంచి లెక్కపెట్టానమ్మా.”

“అత్తయ్యా! మీకూ తెలుసా?”

“ఆ గట్టు మీద గాలి మంచుని నిలవనివ్వదు. చీపురు పెట్టినట్టు ఊడ్చేస్తుంది. నువ్వు పెట్టేటప్పుడే మీ మామయ్య అన్నారు నాతో.”

“నాతో ఎందుకనలేదు?”

“అన్నాను. ‘మామయ్యా, ఇది కంప్యూటరు చూపించిన చోటు’ అన్నావు. కంప్యూటరు ముందు నేనెంత?”

“ఉండు, ఉండు. ఇది కుదరదు. ఒక్కసారిగా బరువు పెరిగితే గ్రాఫులో గీత మెట్టులా పైకి లేస్తుంది. నాకు తెలిసిపోవాలి.”

“నువ్వే చెప్పావుగా, ఈ కుర్చీలోనే కూర్చుని. మంచు పడని రోజు గీత లేచిందంటే ఏదో మోసముందని. అందుకని మంచు కురిసే రోజే వేసేవాణ్ని. నువ్వు చెప్పిన పాఠం ఒక్కటీ మర్చిపోలేదు.”

“స్క్రీన్ మీద అంకె చూసుకుంటూ వేసేవాడివా?”

“మరి? నోటుబుక్కులో ఎంతుంటే అంతకి తెచ్చేవాణ్ని. ఒకసారి చెయ్యి జారి ఎక్కువైంది. రెండు పారలు తీసేశాను.”

“మూడేళ్లా?”

“మూడేళ్లు.”

“ఈ ఏడు?”

“ఈ ఏడు పార ఎత్తే కాలేదీ?”

“నన్ను వేయమన్నారమ్మా. పది గుంజలూ తూస్తాను కానీ పరుపులు సర్దనన్నాను.”

“అంటే... గోడ మీద ఆ రెండు గీతలూ ఒకటే గీత. నోటుబుక్కుని నోటుబుక్కుతోనే పోల్చాం. దాన్ని చూపించి నేను ఉద్యోగం తెచ్చుకున్నాను.”

“నీ తెలివికి ఇచ్చారమ్మా ఉద్యోగం.”

“నీ పారకిచ్చారు మామయ్యా. ఆ పరుపు బాగా పనిచేస్తే నీ నోటుబుక్కులే ఆపేస్తారని ఎప్పుడూ అనిపించలేదా నీకు?”

“అనిపించింది.”

“అనిపించీ వేశావా?”

“నోటుబుక్కుదేముంది? నువ్వు మళ్లీ అలా ముఖం కడుక్కోకుండా ఉంటే చాలనుకున్నాను. కాలువల దాకా వస్తుందనీ, పన్నెండు కొండలు ఎక్కుతుందనీ నాకేం తెలుసు? పన్నెండు గట్ల మీదా పార పట్టుకుని నేనెక్కడ తిరగను? కోపమొచ్చిందా?”

“వచ్చింది.”

“ఎంత?”

“నోటుబుక్కు ప్రకారం చెప్పనా, పరుపు ప్రకారం చెప్పనా?”

“నవ్వింది! ఏమే, నవ్వింది చూశావా?”

“నవ్వుతూనే ఏడుస్తోంది. కళ్లజోడు తుడుచుకుని చూడండి.”

“ఫోన్ మోగుతోంది. పెద్దసారే.”

“అమ్మడూ, నా మాట విను. పరుపు పాడైందని చెప్పు. ఎలుక కొరికిందను. ఈ ఏడాదికి నోటుబుక్కు లెక్క చెప్పెయ్. పాత సంగతులు తవ్వుకోవడం దేనికి? నీ ఉద్యోగం పోతుందే.”

“ఎలుక కొరికిందంటే ఇంకో పరుపు పంపిస్తారు మామయ్యా. పన్నెండు కొండల మీదా గాలి ఊడ్చేసిన లెక్కలే చెబుతాయి. పన్నెండు కాలువలు మూసేస్తారు.”

“అయితే తప్పంతా నాదని చెప్పు. ముసలాయనకి మతి లేదని చెప్పు.”

“ఆ పరుపుని గట్టు మీద పెట్టింది నువ్వు కాదుగా. చెప్పినా విననిది నేను. జరుగు, కొంచెం నీ పక్కన కూర్చోనీ.”

“రా. మోకాలు జాగ్రత్త.”

“అత్తయ్యా, ఆ నోటుబుక్కు ఇలా ఇవ్వండి... హలో, నమస్తే సార్. ఆ, అందరూ ఉన్నారా? స్పీకర్లో పెట్టారా? మంచిదే సార్, అందరూ వినాలి. రాసుకోండి, అరవై రెండు. అవును సార్, చేతి కొలతే. కింది కాలువ మూయొద్దు, విత్తనాలు చల్లుకోమనండి. కొలిచింది మా అత్తయ్య. లేదు సార్, ఆవిడ పేరు రిజిస్టర్లో లేదు, ఇవాళ ఎక్కిద్దాం. ఏంటి సార్? మిషనా? లేదు సార్, మిషన్ చెడిపోలేదు. ఆ మూడేళ్లూ దాన్ని నడిపించింది మా మామయ్య మోకాలు, ఈ ఏడు ఆ మోకాలికి ఆపరేషన్ అయింది.”